ఈ ఆదివారం ఎక్కడికి అని నన్నడక్కండి

బరంపురంలో ఆదివారం ఆదివారం సైకిలెక్కే మన బృందం సభ్యులందరికీ,

నమస్కారాలు.

శుక్రవారం దీపాలవేళకి నా ఫోను మొదలవుతుంది. "బాబాయ్, ఎల్లుండి ఎక్కడికి?" అని ఒకరు. "మావయ్యా, ఎన్ని కిలోమీటర్లు?" అని ఇంకొకరు. "భాయినా, టిఫిన్ ఎక్కడ?" అని మూడో ఆయన. ఈయన దారి సంగతి ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. 2020లో లాక్‌డౌన్ సడలాక అట్టపెట్టెల్లోంచి కొత్త సైకిళ్లు దింపుకుని ఏడుగురం రోడ్డెక్కాం. ఆనాటి నుంచి ఈ ప్రశ్నలకి జవాబు చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు మనం నలభై మంది దాటాం. జవాబు చెప్పేవాడు మాత్రం ఒక్కడే మిగిలాడు.

మొదట్లో ముగ్గురం ఉండేవాళ్లం. బ్యాంకు ఆయనకి సంబల్‌పూర్ బదిలీ అయింది. లెక్చరర్ గారికి మోకాలు అరిగింది, డాక్టరు సైకిల్ మానమన్నాడు. నాది అప్పడాల వ్యాపారమని మీకు తెలుసు. అప్పడానికి ఎండ కావాలి. సంక్రాంతి వెళ్లి ఎండ కాస్త ముదిరిందంటే ఇక ఆదివారమూ లేదు, పండగా లేదు, తెల్లారేసరికి పనివాళ్లతో పాటు నేనూ డాబా మీద ఉండాలి. పైగా షుగరు. అసలు నేను సైకిలెక్కిందే షుగరు తగ్గడానికి. రైడ్ ముందు రాత్రి నిద్రపట్టక అదే పెరుగుతోందని మా ఆవిడ అంటుంది. ఆ మాట తీసిపారెయ్యలేను.

రైడ్ నడిపే పని కాస్త పంచుకోమని విడివిడిగా అడిగితే ఎవరికి వారు నవ్వేసి "మీరుండగా మాకెందుకు బాబాయ్" అని తప్పుకుంటున్నారు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. కార్తీకం నుంచి శివరాత్రి దాకా పదహారో పదిహేడో ఆదివారాలు వస్తాయి. ఎనిమిది మంది ముందుకొస్తే మనిషికి రెండు రైడ్లు. రెండంటే రెండే. దారి మీరే చూసుకోవాలి, సమయం మీరే పెట్టాలి, ఆ పూట బాధ్యత మీరే మోయాలి.

(మధ్యలో ఒక మాట. దీన్ని తెలుగులో రాస్తున్నాను. మన కుర్రాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. బళ్లో నేర్చింది ఒడియా, ఇంగ్లీషూ. ఇంట్లో పెద్దవాళ్లు చదివి వినిపించండి. ఒడియా సభ్యులకు నేనే వెళ్లి నోటితో చెబుతాను. నా ఒడియా రాత కన్నా నోరే కాస్త నయం.)

అడిగిన ప్రతివారూ ముందు చెప్పే సాకు "నేను అంత జోరుగా తొక్కలేను" అని. జోరుగా తొక్కేవాడే లీడర్ అని మనకెవరు చెప్పారో గాని, ఆ భ్రమలో నేను కూడా మూడేళ్లు ఉన్నాను. అది ఎలా వదిలిందో మీలో పాతవాళ్లకి తెలుసు. కొత్తవాళ్ల కోసం చెబుతాను, నా పరువు పోయినా సరే.

అది జనవరి. జౌగడ వెళ్లాం, పద్నాలుగు మందిమి. పురుషోత్తంపూర్ దగ్గర, రుషికుల్య ఒడ్డున అశోకుడి శాసనాలున్న బండ. పొద్దున చలిలో చక్కగా చేరుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తోంది. వెనకగాలి ఉంటే ముసలాడికి కూడా తాను కుర్రాణ్ణే అనిపిస్తుంది. నేను ముందు, నా వెనక నలుగురైదుగురు కుర్రాళ్లు, ఒకటే పరుగు. ఊరి పొలిమేరలో టీ కొట్టు దగ్గర దిగి లెక్కపెడితే పదమూడు. మళ్లీ లెక్కపెట్టాను. పదమూడే.

తప్పిపోయింది పలాస నుంచి పెళ్లై వచ్చి ఆర్నెల్లు కూడా నిండని అమ్మాయి. వెనక టైరు పంక్చరైంది. ఆమె దగ్గర ట్యూబు ఉంది, మార్చడం కూడా వచ్చు. కానీ అది సన్నమూతి ట్యూబు. ఆ దారిలో పంక్చరు కొట్టు వాడి దగ్గర మోటుమూతికి సరిపడే పంపే ఉంది. చిటికెన వేలి గోరంత ఇత్తడి బిరడా ఒకటి మధ్యలో పెడితే పనైపోయేది, అది ఎవరి సంచిలోనూ లేదు. నాకు ఫోన్ చేసింది. నా ఫోను సీటు కింద సంచిలో పడి ఉంది. తీసి చూస్తే పదకొండు కాల్స్. ఆ అమ్మాయికి అప్పటికి ఒక్క ఒడియా ముక్క రాదు. రోడ్డు పక్క టీ కాచే ముసలమ్మ కుర్చీ వేసి, గిన్నెడు ముఢీ (మరమరాలు) పెట్టి, గంటంబావు సేపు పక్కన కూర్చుందట. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు.

మోటారు సైకిలెక్కి వెనక్కి పోయాను. తిడుతుందనుకున్నాను. వాళ్లాయనకి చెప్పి రచ్చ చేసినా తప్పులేదు. ఆమె అన్నది ఒకే మాట: "బాబాయ్ గారూ, మీరు ఒక్కపాలి కూడా ఎనక్కి తిరిగి చూల్లేదండి."

తర్వాతి ఆదివారం ఇక రాదనుకున్నాను. అందరికన్నా ముందొచ్చింది. "ఈరోజు నేను ఆఖర్న ఉంటాను" అంది. మన బృందంలో 'తోక' అనే పదవి అలా పుట్టింది. తోకను దాటి ఎవరూ వెనకబడకూడదు, తోక కనబడకుండా లీడర్ మలుపు తిరగకూడదు. ఈ రెండు సూత్రాలు పెట్టుకున్నాక మనకి మనిషి తప్పిపోలేదు. ఇత్తడి బిరడాలు ఆరు కొన్నాను, అందులో నాలుగు ఎవరి దగ్గరున్నాయో వాళ్లకే తెలియాలి.

ఫ్రాన్సులో 1904లో మొదలైన ఆడాక్స్ పద్ధతి ఒకటుంది. గుంపు మొత్తం ఒకే వేగంతో కదులుతుంది. ఇప్పుడు ఆ వేగం గంటకు 22.5 కిలోమీటర్లు. ముందు కెప్టెన్లు ఉంటారు, వాళ్లను దాటిపోకూడదు. మన కుర్రాళ్లు ఇద్దరు చేసొచ్చిన బ్రెవే అనే దూరపు రైడ్ వేరు. అందులో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ఎవరి వేగాన వాళ్లు పూర్తిచేస్తారు, ఎవరికోసం ఎవరూ ఆగనక్కర్లేదు. అది కూడా గొప్పే, కాదనను. కానీ ఆదివారం మనం చేసేది మొదటిదానికి చుట్టం. కెప్టెన్ పని వేగాన్ని పెంచడం కాదు, పట్టి ఉంచడం. మన వేగం పదహారు, పద్దెనిమిది. ఆ వేగాన్ని రెండు గంటలు చెదరకుండా పట్టుకోవాలంటే నెమ్మదిగా తొక్కేవాళ్లే పనికొస్తారు. కుర్రాళ్ల కాళ్లు ఊరుకోవు.

ఇక దారి వెయ్యడం. అందరూ ఇదేదో ఫోనులో గీత గియ్యడం అనుకుంటారు. ఫోను మ్యాపు ఒకసారి మనల్ని పొలంగట్టు మీదికి ఎక్కించింది గుర్తుందా? సైకిళ్లు భుజాన మోసుకుని బురదలో నడిచాం. దారిని ముందుగా ఒకరోజు మోటారు సైకిల్ మీదైనా వెళ్లి చూసిరావాలి. చూడాల్సింది రోడ్డు ఒక్కటే కాదు. ఆదివారం పొద్దున తెరిచే పంక్చరు కొట్టు ఎక్కడుంది, నీళ్లు ఎక్కడ, నీడ ఎక్కడ, రైలు గేటు ఎక్కడ, సంత ఎక్కడ పడుతుంది. ఈ జాబితాలో మరుగుదొడ్డి అనేది నాకు మూడేళ్లు తట్టలేదు. ఆడవాళ్లు పొద్దుట్నుంచి గుక్క నీళ్లు తాగకుండా తొక్కుతున్నారని మన తోక అమ్మాయి చెబితే సిగ్గుపడ్డాను. అప్పట్నుంచి ఇరవై కిలోమీటర్లకొక శుభ్రమైన పెట్రోలు బంకు లేకపోతే ఆ దారి నా పుస్తకంలో ఎక్కదు.

గాలి సంగతి మాత్రం బాగా తెలుసుకోండి. మన తీరంలో ఎండాకాలం గాలి దక్షిణం, నైరుతి నుంచి కొడుతుంది, పొద్దెక్కే కొద్దీ బలుస్తుంది. మే నెలలో ఛత్రపూర్ వైపు పోతే వెళ్లేటప్పుడు గాలే తీసుకెళ్తుంది, "అబ్బ, ఎంత బాగా తొక్కుతున్నానో" అనుకుంటాం. తిరిగొచ్చేటప్పుడు ఆ గాలే ఎదురొచ్చి, ఎండ తోడై, ప్రాణం తీస్తుంది. అదే ఇచ్ఛాపురం పెట్టామనుకోండి, చల్లటి పూట ఎదురుగాలి తిని, బాహుదా నది చూసి, వేడెక్కేసరికి వెనకగాలితో ఇంటికొచ్చేస్తాం. చలికాలం గాలి ఉత్తరం వైపు మళ్లుతుంది, అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఛత్రపూర్ దగ్గరి తంపర సరస్సు, ఇంకా ఓపికుంటే చిలికా ఒడ్డున రంభ, ఇవి చలికాలపు దారులు. ఎండాకాలంలో ఇచ్ఛాపురం, చలికాలంలో రంభ. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం లీడర్ అయినట్టే.

గోపాల్‌పూర్ అన్ని కాలాలకీ పనికొస్తుంది. పదహారు కిలోమీటర్లు, సముద్రం, దీపస్తంభం, తిరిగొచ్చేటప్పుడు సముద్రపు గాలి వీపు తడుతుంది. కొత్త లీడర్లు అక్కడితో మొదలుపెట్టడం మంచిది. అయితే 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను కొట్టిన దెబ్బకి మన వైపు రోడ్ల మీద పెద్ద చెట్లు ఎన్ని కూలాయో చూసినవాళ్లమే. తర్వాత నాటినవి ఇంకా ఆ నీడ ఇవ్వడం లేదు. ఎండాకాలం ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండేలా బయలుదేరాలి. మే నెలలో ఐదుంబావు అయ్యేసరికి తెల్లారిపోతుంది, బద్ధకించకూడదు. కార్తీక పౌర్ణమికి బొయిత బందాణ (చిన్న పడవలు నీళ్లలో వదిలే ఒడియా పండగ) కోసం తెల్లవారుజామునే చెరువుల దగ్గరా సముద్రం దగ్గరా జనం దీపాలతో కిటకిటలాడతారు. అది ఆదివారం పడితే అటు పోవద్దు, మనమూ ఇంట్లో దీపాలు పెట్టుకుందాం.

రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి మార్చిలో వెళ్దామని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం. వెళ్లండి, కాదనను. కానీ చీకట్లో మన సైకిలు లైట్లు ఇసుక వైపు పడకూడదు. ఏడు వారాలు అటూఇటూగా గుడ్లు పిగిలాక పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. సముద్రం మీది వెలుగనుకుని మన లైటు వైపు వస్తాయి. లీడర్ అనేవాడు ఊరికి అర కిలోమీటరు ముందే అందరి లైట్లూ కిందికి వంచించాలి, సైకిళ్లు ఇసుకలోకి దిగకుండా ఊళ్లోనే పెట్టించాలి. ఈ పని చెయ్యలేను అనుకుంటే ఆ దారి పెట్టొద్దు.

తప్తపాణి ఘాటీ (కొండదారి) సంగతి ఇంకొకసారి మాట్లాడుకుందాం. బ్రేకులు చూడకుండా ఎవరినీ ఆ దిగుడు దింపొద్దని మాత్రం ఇప్పుడే చెబుతున్నాను.

రెండో సాకు భాష. "నాకు ఒడియా సరిగా రాదు, ఊళ్లలో ఎలా అడగను" అని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు, "నాకు తెలుగు రాదు, ఇచ్ఛాపురంలో ఎలా" అని ఒడియా వాళ్లు. మనం బతికేది సరిహద్దులో. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది, మన నాలుకలు మాత్రం ఇంకా అటో కాలు ఇటో కాలు వేసే ఉన్నాయి. అయినా భాషని తేలిగ్గా తీసుకోవద్దు అనడానికి నా దగ్గరో సాక్ష్యం ఉంది. దిగపహండి దారిలో ముందున్న ఒడియా కుర్రాడు "ఖాల! ఖాల!" అని అరిచాడు. గుంత ఉంది జాగ్రత్త అని. వెనక పాతపట్నం ఆయన కొత్తగా చేరాడు. ఆయనకి "ఖాళీ" అని వినబడింది. రోడ్డు ఖాళీగా ఉంది కాబోలనుకుని ఉత్సాహంగా నాలుగు తొక్కులు ఎక్కువ తొక్కాడు. ముందు చక్రం సొట్టపోయింది, మోచెయ్యి చీరుకుంది, పళ్లు మిగిలాయి. అందుకే బయలుదేరే ముందు రెండు నిమిషాలు నిలబడి మాటలు ఖాయం చేసుకోవాలి. గుంతకి "గుంత", వెనక బండి వస్తే "పఛరే గాడి", ఆగాలంటే చెయ్యెత్తి "ఆగు". ఏ భాషైనా ఫర్వాలేదు, ఆ రోజుకి అందరిదీ ఒకే మాట అయితే చాలు. ఆ పాతపట్నం ఆయన ఇప్పుడు మనందరికన్నా గట్టిగా "ఖాల" అని అరుస్తాడు, అది వేరే సంగతి.

మూడోది సాకు కాదు, భయం. "ఏదైనా అయితే నా మీదకి వస్తుంది కదా." ఇది ఆడవాళ్లకన్నా మగవాళ్లే ఎక్కువగా అడిగారు, కానీ చెవిలో అడిగారు. నేను కూడా తేలిక చేసి చెప్పను. నాలుగు లేన్ల రోడ్డు మీద పక్క దారిలో ఎదురు దిక్కున మోటారు సైకిళ్లు ఎలా దూసుకొస్తాయో మీరు చూశారు. నేను ముందున్న రోజుల్లో ఇద్దరు పడ్డారు, ఒకరికి ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో ఆయన భార్య నా ముఖంలోకి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ నెలంతా రైడ్ పెట్టలేదు.

అప్పుడు లెక్చరర్ గారు నాతో కూర్చుని ఒక హద్దు గీశారు. లీడర్ డాక్టరు కాడు, మెకానిక్కూ కాడు, ఎవరికీ తండ్రి కాడు. ట్యూబు, పంపు, నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఇంట్లోవాళ్ల ఫోను నంబరు ఎవరిది వాళ్లే కాగితం మీద రాసి ఇవ్వాలి. లీడర్ పని మూడు చోట్ల ఉంటుంది. బయలుదేరేటప్పుడు హెల్మెట్ లేనివాణ్ణి, బ్రేకు పట్టని సైకిల్‌ని వెనక్కి పంపడం. దారిలో తలలు లెక్కపెట్టడం. వానో ఎండో మితిమీరితే "ఇక చాలు, తిరుగుదాం" అనడం. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. పదహారు కిలోమీటర్లు వచ్చి ఇంకో నాలుగు మిగిలి ఉండగా తిరుగుదాం అంటే ముఖాలు ఎలా మాడ్చుకుంటారో నాకు తెలుసు.

అందుకని ముందుపోయే కుర్రాళ్లకి వేరుగా చెబుతున్నాను. మీరంటే నాకు ప్రేమే, మీ కాళ్లంటే అసూయ కూడా. కానీ పోయిన ఏడు ఒక అమ్మాయి మొదటిసారి రైడ్ నడిపితే మీలో కొందరు ఆమెని దాటేసి పోయి, టిఫిన్ దగ్గర బరా ఘుగుని (వడలు, బఠాణీ కూర) తినేసి, ఆమె రాగానే "మేడమ్, మేము తిని అరగంటైంది" అని నవ్వారు. మీకది సరదా. ఆమె మళ్లీ లీడర్‌గా రాలేదు. మనకి లీడర్లు ఎందుకు దొరకడం లేదని నన్నడిగే ముందు ఆ రోజు గుర్తు చేసుకోండి. దాటిపోవాలని ఉంటే ముందే చెప్పి వేరే గుంపుగా వెళ్లండి, ఎవరూ ఆపరు. రైడ్‌లో ఉన్నంతసేపు మాత్రం ముందున్న మనిషిది ఏ వయసైనా, ఏ వేగమైనా, ఆ పూటకి ఆ మనిషే కెప్టెన్.

ఇంత చెప్పాక ఇందులో లాభమేంటి అని ఎవరైనా అడగొచ్చు. జీతం లేదు, ఆ పూట టిఫిన్ డబ్బులు కూడా ఎవరివి వాళ్లవే. కానీ జౌగడకి రెండోసారి వెళ్లినప్పుడు ఒకటి జరిగింది. ఆ బండ మీద రెండో శాసనంలో అశోకుడు దారుల పక్కన మనుషులకీ పశువులకీ బావులు తవ్వించాననీ చెట్లు నాటించాననీ రాయించాడు. నేను ఆ సంగతి చెబుతుంటే తొమ్మిదో క్లాసు పిల్లవాడొకడు చుట్టూ చూసి "మరి మనం ఈరోజు నీడ కోసం పెట్రోలు బంకులో ఎందుకు కూర్చున్నాం తాతయ్యా?" అన్నాడు. తిరిగొచ్చేదాకా అందరం అదే మాట్లాడుకున్నాం. దారి నేను వేశాను కాబట్టి ఆ మాట పుట్టింది. ఆ పిల్లవాడికీ ఆ రాయికీ మధ్య నిలబడ్డ తృప్తి నాది. దీన్ని లాభమంటారో లేదో మీ ఇష్టం.

ఇక పని మాట. నా దగ్గర ఆర్డర్లు రాసుకునే పొడుగు పద్దు పుస్తకం ఒకటుంది. ముందు పేజీల్లో మినప్పప్పు ధరలు, వెనక నుంచి తిప్పితే మన దారులన్నీ. ఎక్కడ బంకు, ఎక్కడ కుక్కలు తరుముతాయి, ఏ టీ కొట్టాయన అప్పు పెడతాడు, అన్నీ ఉన్నాయి. ముఢీ పెట్టిన ముసలమ్మ కొట్టు కూడా గుర్తు పెట్టి ఉంచాను. దాన్ని వచ్చే ఆదివారం గోపాల్‌పూర్‌లో టిఫిన్ బల్ల మీద పెట్టేస్తాను, ఇక అది బృందానిది. ఐదున్నరకి బయలుదేరదాం. నేను ముందుండి నడిపేవాటిలో ఈ ఏటికి అదే ఆఖరు.

పుస్తకం చివరి పేజీలో శివరాత్రి దాకా ఆదివారాలన్నీ వరసగా రాసి, పక్కన రెండు గడులు గీశాను. ఒకటి 'ముందు', ఒకటి 'తోక'. తోక గడిలో మొదటి నాలుగు వారాలకి నా పేరు రాసేశాను. ఐదో వారం నుంచి మన పలాస అమ్మాయి పేరుంది, ఆమెని అడిగే రాశాను. ముందు అన్న గడులు ఒడియా ఖాల కాదు గానీ, తెలుగు ఖాళీ.

పెన్ను నేనే తెస్తాను.

మీ,
అప్పడాల బాబాయ్
బరంపురం, గంజాం జిల్లా